ఇరుసు మీద లక్కముద్ర

ఒకానొక రాజ్యంలో సొంత బండికి సొంత చేత్తో కందెన పూసుకోవడం నేరం.

నమ్మబుద్ధి కావడం లేదు కదూ? ఆ రాజ్యంలో జనానికీ మొదట నమ్మబుద్ధి కాలేదు. రాజ్యం పేరు మందరగిరి. రాజు పేరు భూరివిక్రముడు. ఆయన విక్రమం ఏపాటిదో ఎవరూ చూడలేదు గానీ, మీసం మాత్రం భూరిగానే ఉండేది. దాన్ని మంగలి చేత కూడా ముట్టనిచ్చేవాడు కాదు. రోజూ అద్దం ముందు కూర్చుని తానే దువ్వుకుని, తానే కత్తిరించుకునేవాడు.

ఆ రాజుకు ఒక శకటశాల ఉండేది. రాజ్యంలో ఎవరికి బండి కావాలన్నా అక్కడే కొనాలి. బండ్లు మంచివే, అబద్ధమెందుకు? గట్టి తుమ్మకర్ర, తీరైన పనితనం. చిక్కంతా కొన్న తర్వాతే. చక్రం జారిపోకుండా ఇరుసు చివర కడసీల ఉంటుంది చూడండి, దాని మీద లక్క పోసి రాజముద్ర గుద్దేవారు. అప్పుడు శాలాధ్యక్షుడు పేరయ్య గొంతు సవరించుకుని అందరికీ ఒకే పాఠం అప్పజెప్పేవాడు.

"ఈ బండికి ప్రభువుల వారి అభయం ఉన్నది. విరిగినా వంగినా పూచీ మాది. అయితే ముద్ర చెడరాదు. కందెన పూయాలన్నా సరే, మా దగ్గరికే తోలుకు రావాలి. ముద్ర చెదిరిందా, అభయమూ పోయె, బండీ పోయె."

దీనికి రాజశాసనం దన్ను కూడా ఉంది. 'చేసిన చెయ్యే చూడవలెను.' ఇదీ ఆ శాసనం. పేరయ్యే రాజు చెవిలో జోరీగలా రొద పెట్టి వేయించాడు. రాజుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కొన్నాళ్ళకు అది తానే పుట్టించానని నమ్మేశాడు.

ఇంతకీ కందెన పూయడమంటే ఏముంది? సీల లాగాలి, చక్రం ఇవతలికి జరపాలి, ఆముదంలో కలిపిన మసి ఇరుసుకు పట్టించాలి, చక్రం తోసి సీల పెట్టాలి. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోయే పని. ఆ పని కోసం శాల ముందు బండ్లు బారులు తీరేవి. ఎద్దులు నెమరు వేసేవి, మనుషులు అరుగు మీద పడిగాపులు పడేవారు. లోపలికి పోయిన బండి సంగతి అడిగితే, "చూస్తున్నారు" అనేవాడు పేరయ్య. ఏం చూస్తున్నారో ఎవరు చూస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. తీరా బండి బయటికొచ్చాక, ఎద్దుల మెడగంటలు తోమామనీ, కాడికి ధూపం వేశామనీ, ఎడమ చక్రం కాస్త నీరసంగా కనబడుతున్నదనీ, దానికీ దీనికీ కలిపి వసూలు చేసేవారు. చక్రానికి నీరసమేమిటని అడిగిన వాళ్ళను "నీకేం తెలుసు?" అన్నట్టు చూసేవారు.

ఆదెమ్మ అనే ఆవిడకు తమలపాకు తోట ఉండేది. ఆకు కోసిన రోజే పట్నం చేర్చి అమ్ముకోవాలి, ఎండ తగిలితే నల్లబడిపోతుంది. ఒకనాడు ఆకు వేసుకుని వస్తుంటే దారిలో ఇరుసు కిర్రుమంటూ పట్టేసింది. ఎద్దులు ఈడ్వలేక నురగలు కక్కుతున్నాయి. ఆదెమ్మ దిగింది, సీల లాగింది, కందెన పూసింది, ఎక్కింది. పట్నం గుమ్మంలో భటులు పగిలిన లక్క చూసి, ఆకు బుట్టలతో సహా బండిని శాలలోకి తోలించి తాళం వేశారు.

"ఏమయ్యా పేరయ్యా, నా బండికి నేను కందెన పూసుకుంటే నీకేం నొప్పి?" అని ఆదెమ్మ నిలదీసింది.

"కిర్రుమంటే మా దగ్గరికి తేవాలి."

"అలాగే లాక్కొస్తే ఇరుసు విరిగి ఊరుకునేది!"

"విరిగి ఉంటే అభయం వర్తించేది. విరగలేదు కాబట్టి వర్తించదు."

ఆదెమ్మ ఆ వాదన అక్కడికి వదిలేసి కొంగు నడుముకు బిగించింది. ఇలాంటి మాటతో ఎవరు మాత్రం వాదిస్తారు?

"సరే, నన్ను తర్వాత ఉరి తీయించు. ముందు నా ఆకులు వాడిపోతున్నాయయ్యా!"

"ఆకులు వాడడమేమిటి? గట్టి తుమ్మకర్రతో చేసినవి. అయినా మారుద్దాం. కుడి చక్రానివా, ఎడమ చక్రానివా?"

"ఓరి నీ చక్రం చట్టుబండలు గాను! చక్రంలో బిగించే కర్ర ఆకులు కాదు నాయనా, తమలపాకులు! బుట్టల్లో ఉన్నాయి!"

"వాటికి అభయం లేదు," అన్నాడు పేరయ్య. "పొద్దు గుంకితే బండి రాజు గారి పరం. ఆలోగా ఏదైనా మనవి ఉంటే వరసలో నిలబడు."

సరిగ్గా అప్పుడే అక్కడికి తిప్పాంబ వచ్చింది. రాజమాతకు పుస్తకాలు చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. చదివేది చదువుతూ నడుమ నడుమ సొంత మాటలు కలిపేది. రాజమాతకు ఆ కలిపిన మాటలంటేనే ఎక్కువ మక్కువ. ఆ పెద్దావిడకు భోజనం కాగానే ఆదెమ్మ ఆకు వేసుకోవడం అలవాటు. ఆ పూట భోజనం వేళ కావస్తున్నా ఆకు రాలేదేమని కనుక్కోవడానికి తిప్పాంబ స్వయంగా వచ్చింది. వచ్చి, సంగతి విన్నది.

"పేరయ్య గారూ, ఈ శాసనం నుంచి ఎవరికైనా మినహాయింపు ఉందా?" అని అడిగింది.

"సాక్షాత్తూ ప్రభువుకైనా లేదు!" అన్నాడు పేరయ్య ఛాతీ విరుచుకుని.

"ఆ మాట కొలువులో కూడా అనాలి. రండి. ఆదెమ్మా, నువ్వూ రా. కళ్ళు తుడుచుకో, అక్కడ ఏడవాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు."

దారిలో అంతఃపురంలోకి వెళ్ళి రాజమాత చెవిలో నాలుగు మాటలు వేసి మరీ కొలువుకు వచ్చింది తిప్పాంబ.

"ప్రభూ, చిన్న సందేహం. తమరి శాసనం బండ్లకేనా, అన్నిటికీనా?"

రాజు మీసం దువ్వాడు. "చేసిన చెయ్యే చూడవలెను అన్నాము. అందులో బండి ఊసు ఉన్నదా? అది ధర్మం. ధర్మానికి బండీ కుండా భేదం లేదు."

"రాజుకో?"

"రాజే తప్పించుకుంటే ఇక శాసనమెందుకు?"

కొలువంతా భేష్ భేష్ అన్నది. అందరికంటే గట్టిగా పేరయ్య అన్నాడు.

"అయితే ప్రభువుల మీదే ఒక ఫిర్యాదు ఉంది," అన్నది తిప్పాంబ. భేషులన్నీ ఆగిపోయాయి. "ఇవాళ తమరి మీసం ఎవరు కత్తిరించారు?"

"మేమే."

"స్నానం ఎవరు చేయించారు?"

"మేమే చేశాము! ఏమిటీ ప్రశ్నలు?"

"చేసిన చెయ్యి కదా చూడాలి! మరి తమరిని చేసిందెవరు?"

పేరయ్య చటుక్కున అందుకున్నాడు. "బ్రహ్మదేవుడు!"

"నిజమే. ఆయన ఇక్కడికి రాలేడు. కానీ తొమ్మిది నెలలు పని సాగిన శాల మాత్రం మందరగిరిలోనే ఉంది. అమ్మగారూ, దయచేయండి."

రాజమాత లోపలికి వచ్చింది. చేతిలో వెండిగిన్నె ఉంది. కొలువంతా లేచి నిలబడింది. ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా తిన్నగా సింహాసనం దగ్గరికి వెళ్ళి కొడుకు గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పింది.

"ఏరా చిన్నయ్యా, చెంప మీద నేను పెట్టిన దిష్టిచుక్క ఏది?"

"అమ్మా! అది నేను ఉయ్యాల్లో ఉన్నప్పటిది!"

"ముద్ర చెరిగింది," అని తిప్పాంబ కొలువుకు విన్నవించింది. "చెరిపింది కూడా వారే. ముఖమే సాక్ష్యం."

"నాలుక చాపు," అన్నది రాజమాత.

"కొలువులోనా?"

"శాసనం నీదే కదురా? చాపు."

మందరగిరి మహారాజు నాలుక చాపాడు. రాజమాత దాన్ని చూసి మొహం చిట్లించి, కనురెప్పలు లాగి చూసి, చెవి మడిచి చూసింది. "చెవి వెనక మట్టి చూడు తిప్పాంబా, తోటకూర చల్లొచ్చు. తలంటాలి. నలుగు పెట్టాలి. కడుపు కూడా కిర్రుమంటున్నట్టుంది, ఆముదం పట్టాలి." గిన్నెలోది ఏమిటో అప్పుడు అర్థమైంది రాజుకు.

"ఇ... ఇప్పుడేనా?"

"ఇప్పుడెక్కడ కుదురుతుంది? నా జపం కావాలి, భోజనం కావాలి, కునుకు తీయాలి. అందాకా వరసలో ఉండు. ఒంటి మీద దేన్నీ ముట్టుకోకు. నువ్వు ముట్టుకుని పాడుచేస్తే నాకు పూచీ లేదు."

ఆ సమయానికి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఈగ వచ్చి సరిగ్గా మీసం మీద వాలింది. రాజు చెయ్యెత్తాడు.

"చెయ్యి దించండి ప్రభూ! ముద్ర!" అని అరిచింది తిప్పాంబ.

"ఈగ!"

"మనవి చేస్తాం. వరసలో ఉన్నారు కదా."

ఈగ మీసం మీద నుంచి ముక్కు ఎక్కింది. రాజు మూతి ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, పైకి ఊదాడు. ఈగకు ఆ గాలి హాయిగా ఉన్నట్టుంది, కదల్లేదు.

"అమ్మా! ఈగ!"

"చూస్తున్నారు," అన్నది తిప్పాంబ, పేరయ్య వైపు తిరిగి. "మీరు ఇలాగే కదండీ అనేది?"

ఈగ ముక్కు రంధ్రం దాకా వచ్చింది. ఇక రాజుకు సహనం చచ్చిపోయింది. సింహాసనం మీద నుంచి లేచి కొలువు దద్దరిల్లేలా కేక పెట్టాడు.

"నా ముక్కు మీద ఈగను తోలుకోవడానికి ఇంకొకరు తీరుబడి చేసుకుని రావాలా? ముక్కు నాది! చెయ్యి నాది! రెండూ నా దగ్గరే ఏడ్చాయి కదా!"

"చిత్తం," అన్నది తిప్పాంబ చేతులు కట్టుకుని. "పొద్దుటి నుంచి ఆదెమ్మ అదే మొత్తుకుంటోంది. బండి ఆమెది, చెయ్యి ఆమెది, రెండూ దారిలో ఆమె దగ్గరే ఉన్నాయి. ఇరుసు పట్టేస్తే కందెన పూసుకుంది. దానికి పేరయ్య గారు బండిని శాలలో పెట్టి తాళం వేశారు. లోపల ఆకు మగ్గిపోతోంది."

రాజు ముందు ఈగను తోలాడు. తర్వాత పేరయ్యను చూశాడు.

"ప్రభూ!" పేరయ్య రెండు చేతులూ జోడించాడు. "ఎవరి చేతికి వాళ్ళను వదిలేస్తే బండ్లు పాడు చేసుకుంటారు. వాళ్ళ మంచి కోసమే..."

రాజమాత అందుకుంది. "వీణ్ణి నడవమని వదిలినప్పుడు వీడూ పడ్డాడు పేరయ్యా. పడతాడని చంక దించకపోతే, ఈ సింహాసనం మీద ఇవాళ ఇద్దరం ఇరుక్కుని కూర్చోవాల్సి వచ్చేది."

"కాలు విరిగితే వైద్యుడి దగ్గరికి పోవాల్సిందే ప్రభూ," అన్నది తిప్పాంబ. "చక్రం విరిగితే శాలకు రావాల్సిందే. అక్కడి పనితనానికి ఎవరూ వంక పెట్టడం లేదు. కానీ మొహం కడుక్కోవడానికి వైద్యుడెందుకండీ?"

రాజు మీసం సర్దుకుందామని చెయ్యెత్తి, భయంగా తల్లి వైపు చూసి, టక్కున దించేశాడు. దించాక, తన చెయ్యి తానే ఎత్తుకోలేకపోయిన సంగతి తనకే తెలిసింది. ముందు ముక్కుతో నవ్వాడు, ఆనక పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి కొలువు కూడా ధైర్యం చేసి నవ్వింది.

"పేరయ్యా, బండ్ల మీద లక్క అంతా ఊడబీకించు. కందెన ఎవరి బండికి వారే పూసుకుంటారు. శాలకే తెస్తామన్న వారికి మీరే పూయండి, ఎవరినీ బలవంతపెట్టకండి. విరిగిందాన్ని మాత్రం మీరే బాగుచేయాలి. కందెన పూసుకున్నారని అభయం పోదు. తెలిసిందా?"

"చిత్తం," అన్నాడు పేరయ్య.

"నవ్వింది చాలు, ముందు తాళం!" అన్నది ఆదెమ్మ. అందరూ కదిలారు.

శాల తలుపు తీసి చూస్తే బండి రెండు చక్రాలూ విప్పి గోడకు చేరేసి ఉన్నాయి. ఆదెమ్మ పూసిన కందెనంతా శుభ్రంగా తుడిచేశారు. పనివాళ్ళేరంటే భోజనాలకు వెళ్ళారన్నాడు పేరయ్య. కందెన ఏదంటే, ఆ గది తాళం పనివాళ్ళ దగ్గరే ఉందన్నాడు. ఆదెమ్మ తల బాదుకుని, రాజమాత చేతిలోని గిన్నె వైపు చూసింది.

"అమ్మగారూ, తమరు ఏమీ అనుకోకపోతే..."

"పొయ్యమ్మా, పొయ్యి!" అన్నాడు రాజు, తల్లి నోరు తెరిచే లోపలే. "చుక్క మిగలకుండా పొయ్యి!"

ఆదెమ్మ శాల కొలిమిలోని మసి ఇంత తెచ్చి ఆముదంలో కలిపి పూసింది. చక్రాలు తానే తోసి, సీలలు తానే బిగించి, ఎద్దుల్ని కట్టింది. బుట్టలు విప్పి చూసింది. పైవరస ఆకు కమిలింది గానీ లోపలిది ఇంకా పచ్చగానే ఉంది. గబగబా నీళ్ళు చిలకరించింది.

ఆ వేళ రాజుకు ఉత్సాహం పొంగుకొచ్చింది. మెడలోని ముత్యాలహారం తీసి తిప్పాంబ చేతిలో పెట్టాడు. ఆదెమ్మకు జరిగిన నష్టం శాల సొమ్ములోంచి ఇమ్మన్నాడు. అంతటితో ఆగితే రాజెందుకవుతాడు? సరిగ్గా బండి ముందు నిలబడి, చెయ్యెత్తి ఉపన్యాసం అందుకున్నాడు.

"ప్రజలారా! స్వహస్తమే సర్వస్వమని మేము ఎప్పటి నుంచో ఎరుగుదుము. మా తాతల కాలం నుంచి..."

ఆదెమ్మ బండి ముందు నొగ మీద కూర్చుని, పగ్గాలు పట్టుకుని కాసేపు ఓర్చుకుంది. తాతల దగ్గర మొదలైన ఉపన్యాసం ముత్తాతల వైపు తిరగడం చూసి ఇక ఓర్చుకోలేకపోయింది.

"దొరా, మీ ధర్మం చల్లగుండ! మీ తాతల్ని రేపు చెప్పుకుందురు గాని, కాస్త పక్కకు జరగండి. సంత ఎత్తేస్తారు!"

పేరయ్య కళ్ళు తేలేశాడు. భటులు కత్తుల మీద చేతులు వేశారు. రాజు మాత్రం పకపకా నవ్వి, పట్టుపంచె కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, బండికి దారి వదిలాడు.