ఫిర్యాదులో మూడు పేర్లు

డాక్టర్ ఫణీంద్ర కోపంతో ఊగిపోతూ తన గురువు, పెద్ద డాక్టరు దక్షిణామూర్తిగారి గదిలోకి వచ్చాడు. చేతిలో జిల్లా వైద్యాధికారికి రాసిన ఫిర్యాదు ఉంది.

"దీనిమీద మీ సంతకం కూడా కావాలండి. ఆదెయ్య చెయ్యి పోయింది."

ఆదెయ్య నేతపనివాడు. అయిదు రోజుల క్రితం మగ్గం మీదే పక్షవాతం వచ్చి ఒరిగిపోయాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూరిబాబు అలవాటుకొద్దీ గ్లూకోజు సీసా ఎక్కించి, అది అయ్యాకే ఆస్పత్రికి పంపాడు. మనవాళ్లకి నీరసమొస్తే గ్లూకోజు, జ్వరమొస్తే గ్లూకోజు, ఆఖరికి మూతి వంకరపోయినా గ్లూకోజే.

అయినా వేళ మించలేదు. ఫణీంద్ర ఇచ్చిన ఇంజెక్షనుకి మెదడులో గడ్డ కరిగి రక్తనాళం తెరుచుకుంది. కానీ ఆదెయ్య కుడిచెయ్యి ఇప్పటికీ మగ్గంలో పోగు నడిపే నాడె పట్టుకోలేకపోతోంది.

"నేను చెయ్యాల్సిందంతా చేశాను. దెబ్బతిన్న మెదడుకి చక్కెర విషం లాంటిది, వాడు ఎక్కించిన చక్కెరే కొంప ముంచింది. వాణ్ని వదలకూడదండి" అన్నాడు ఫణీంద్ర.

దక్షిణామూర్తిగారు ఆదెయ్య కేసు షీటు తెప్పించుకున్నారు. చేరినప్పుడు షుగరు రెండొందల ఎనభై. సాయంత్రం మూడొందల పది. మర్నాడు రెండొందల తొంభై. ఆ మర్నాడూ అంతే. ప్రతి అంకె పక్కనా "చూశాను" అని ఫణీంద్ర పొడి సంతకం; ఇన్సులిన్ మాత్రం ఎక్కడా రాయలేదు.

"ఒక్క సీసా గ్లూకోజు మూడు రోజులుంటుందటయ్యా?"

ఫణీంద్ర షీటు మీదికి వంగి అంకెలు మళ్లీ చూశాడు. "ఆయనకి షుగరు జబ్బు లేదండి. పక్షవాతం దెబ్బకి ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది కదా, దానంతటదే తగ్గుతుందనుకున్నాను. నాళం తెరుచుకుంది కదా అని..."

గురువుగారి మొహం ఎర్రబడింది. కలం తీసి, ఫిర్యాదులో సూరిబాబు పేరు కింద ఫణీంద్ర పేరు రాశారు.

దానికింద తన పేరు రాసుకున్నారు.

"మీరేం చేశారండీ?"

"స్కాను చూసి నీ భుజం తట్టి వెళ్లిపోయాను. ఈ అంకెలు నేనూ అడగలేదు." కింద సంతకం చేసి కాగితం అందించారు. "ఇప్పుడు పంపించు."

ఫణీంద్ర దాన్ని కవర్లో పెట్టి, అంటించి, ఆఫీసులో టపాకి ఇచ్చాడు. అక్కణ్నుంచి నేరుగా వార్డుకి వెళ్లాడు. షుగరు చూసే వేళయింది. నర్సు చేతిలో మిషను తనే తీసుకున్నాడు.

ఆదెయ్య కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఫణీంద్ర ఆయన కుడిచెయ్యి పట్టుకుని వేలికి సూది గుచ్చాడు. రక్తం బొట్టు పైకొచ్చింది.

"ఫరవాలేదు బాబూ, గుచ్చండి" అన్నాడు ఆదెయ్య, కళ్లు తెరవకుండానే.