నొప్పి లేని సీసా

అనగా అనగా ఒకానొక ఊళ్ళో దస్తగిరి అనే ఆయనకి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఆ కొట్టులో అరిగిపోయిన సబ్బుబిళ్ళ ఒకటి. అందులో కంటికి కనపడనంత చిన్న సబ్బు నలుసులు బోలెడు. వాటిల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క పేరు నురుగులమ్మ, చెల్లెలి పేరు బుడిగి.

సబ్బు నలుసుల పుట్టుకే అంత తల్లీ, ఏం చేస్తాం. ఒక్కోదానికి ఒక తల, ఒక పొడుగాటి తోక. తలకేమో నీళ్ళంటే ప్రాణం. తోకకేమో నూనె అంటే ప్రాణం. ఒకదానికి సుఖమైతే రెండోదానికి ఏడుపే. బుడిగి అస్తమానం ఏడ్చేది. అది ఏడవకుండా ఉండే చోటు ఒక్కటి దొరికితే చాలని నురుగులమ్మ మొక్కని దేవుడు లేడు.

ఒకరోజు దస్తగిరి కుంచెకి సబ్బు రుద్ది నీళ్ళ గిన్నెలో ముంచాడు. అప్పుడు బుడిగి, "అక్కా, తోక జివ్వుమంటోందే!" అని ఏడ్చింది. నురుగులమ్మ అందరినీ కేకేసింది. తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని అందరూ ఉండలా చుట్టుకున్నారు. కుంచెకి అంటుకుని ఉన్న మిషను జిడ్డు కాస్త ఆ నడుమకి చేరింది. తోకలన్నీ దాన్ని కావలించుకున్నాయి. బుడిగి వెక్కుతూ వెక్కుతూ అక్కని కరుచుకుని పడుకుంది.

ఆ తర్వాత దస్తగిరి అదే కుంచెని నూనె డబ్బాలో ముంచాడు. ఆయనకి అన్నిటికీ ఒకటే కుంచె, ఎవరు చెప్పినా వినడు. అప్పుడు తోకలకి హాయి, తలలకేమో ఊపిరాడదు. "అక్కా, ఈసారి తల పోతోందే!" అంది బుడిగి. నురుగులమ్మ ఉండని తిరగేయించింది. తోకలు బయటికి, తలలు లోపలికి. కుంచెతో వచ్చిన నీటిబొట్టుని నడుమ పెట్టుకుని అందరూ దాని చుట్టూ మూగారు. ఇక్కడా ఏడుపే, ఇక్కడా కావలింతే.

ఆ తర్వాత కుంచె స్పిరిటు సీసాలోకి వెళ్ళింది. స్పిరిటుకి నీళ్ళతోనూ పొత్తే, నూనెతోనూ పొత్తే. అప్పుడు వింత జరిగింది. తల నొప్పెట్టలేదు. తోకా నొప్పెట్టలేదు. "అక్కా, ఎక్కడా నొప్పి లేదే!" అని బుడిగి పుట్టాక మొదటిసారి నవ్వింది. నురుగులమ్మకి కడుపు నిండిపోయింది.

నొప్పే లేకపోతే ఇంక పట్టుకోవడం ఎందుకు? ఒకరు పట్టు వదిలారు. ఇంకొకరు వదిలారు. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు తల్లీ, కోపతాపాలూ లేవు. ఉండ దానంతటదే విడిపోయి తలో దిక్కూ పోయారు. నురుగులమ్మ తిరిగి చూస్తే పక్కన బుడిగి లేదు.

"బుడిగీ!" అని పిలిచింది. "ఇక్కడ బాగుందక్కా, వస్తాలే" అని ఎక్కడినుంచో వినపడింది. ఎంతసేపు చూసినా రాలేదు. దస్తగిరి సీసాకి మూత బిగించి, కొట్టు కట్టేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కలిశారా అంటావా? లేదు తల్లీ. ఒక్కసారి బుడిగికి నొప్పి పుడితే బాగుండు, ఏడుస్తూ వచ్చేస్తుంది కదా అనుకుంది నురుగులమ్మ. అలా అనుకున్నందుకు తనే ఏడ్చింది.

కథ వెళ్ళె కంచికి,
చెల్లి పోయె సీసా అంచుకి,
మనం వచ్చాం ఇంటికి,
కునుకు రావాలి నా తల్లి కంటికి.