కాలు కాలిన పండుగ

అనగనగా రైలింజన్లకు బొగ్గూ నీళ్ళూ పట్టే ఒక ఊళ్ళో, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, డిసెంబరు చలికాలంలో జరిగింది ఈ కథ. దుప్పటి కప్పుకుని విను తల్లీ. మధ్యలో నిద్రొస్తే నిద్రపో. కథ ఎక్కడికీ పోదు.

ఆ ఊళ్ళో హనోకు తాత అని ఒక ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు రైలు డ్రైవరు దొర బంగళాలో వంట చేసేవాడు. దొర తన దేశం వెళ్ళిపోతూ ఆయనకు రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి మందపాటి మూత ఉన్న ఇనప డేగిశా. రెండోది కొమ్ము పిడి ఉన్న పొడుగాటి కత్తి. మూడోది దొర ఇవ్వలేదు, తాతే చూసి నేర్చుకున్నాడు. అది క్రిస్మస్ నాడు పొట్టేలు తొడను ముక్కలు కొట్టకుండా, ఉన్నదున్నట్టు నిప్పుల మీద కాల్చే విద్య.

ఊళ్ళో అందరూ దాన్ని తొడ అంటారు. దొర మాత్రం వాళ్ళ మాటలో కాలు అనేవాడట. అందుకని తాత కూడా కాలు అన్నాడు. తాత అన్నాడని ఇల్లంతా కాలు అన్నది. "మీ ఇంట్లో పండక్కి కాలు కాల్చుకుంటారటగా" అని పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఆ ఇంట్లో మాట మారలేదు.

ఇంకో మాట కూడా ఉండేది ఆ ఇంట్లో. కాల్చినవాళ్ళే కోయాలి, కోసినవాళ్ళే ముందు కూర్చోవాలి. అది తాత పెట్టిన కట్టుబాటు. కాల్చేది తానే, కోసేది తానే, మొదటి ముక్క వేడివేడిగా తినేది తానే. అన్నేళ్ళు ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

ఆ తర్వాత తాతకు కళ్ళు పోయాయి. కాలు కాల్చే పని చిన్నకోడలు సంతోషమ్మ మీద పడింది.

పేరుకు సంతోషమ్మే గానీ, పండుగ వస్తోందంటే ఆవిడకు ముందు నడుం నొప్పి వచ్చేది. పండక్కి ఇంటి నిండా జనం. పెద్దకొడుకు ఫిలేమోను పెళ్ళాంపిల్లలతో దిగుతాడు. కూతురు సలోమి మొగుడితో దిగుతుంది. వాళ్ళందరికీ నీళ్ళు తోడాలి, అప్పాలు వత్తాలి, కాలు కాల్చాలి. ఆవిడ కాల్చడం మొదలుపెట్టిన ఏడు, కత్తి ఫిలేమోను తీసుకున్నాడు. ఆవిడ అప్పుడు పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆ మరుసటి ఏడూ కత్తి ఆయనే తీసుకున్నాడు. ఆవిడ అప్పుడు అన్నం వడ్డిస్తోంది. రెండేళ్ళూ ఆవిడకు మిగిలింది ఎముక. అదీ చల్లారిపోయాక.

మూడో ఏడు సంతోషమ్మ ఒక మాట అనుకుంది. పండుగ ముందురోజు మధ్యాహ్నం మాంసానికి వెల్లుల్లి కూరుతూ, అరుగు మీద కూర్చున్న మామగారిని అడిగింది.

"మామయ్యా, ఆ మాట ఇంకా ఉందా?"

"ఏ మాటమ్మా?"

"కాల్చినవాళ్ళే కోయాలన్న మాట."

తాత ఆవిడ గొంతు వైపు తల తిప్పాడు. ఆ తర్వాత అన్నాడు. "మాట ఉంటుంది సంతోషం. అడిగేవాళ్ళే ఉండాలి. కానీ ఒకటి. కాలు మాడితే కత్తి ముట్టుకోకూడదు. పచ్చిగా ఉన్నా ముట్టుకోకూడదు. కింద పడి మట్టి అంటిందా, ఇక దాని ఊసే ఎత్తకూడదు. నేనైనా అంతే."

"సరే మామయ్యా" అంది సంతోషమ్మ.

అంతే తల్లీ, ఆవిడకు కావలసింది. నగ కాదు, చీర కాదు. అందరితో కలిసి కూర్చుని, ఒక్క ముక్క వేడిగా ఉండగా తినాలని.

తెల్లవారింది. పండుగ వచ్చింది. అందరూ తలంటుకుని కొత్తబట్టలు కట్టుకుని గుడికి బయలుదేరారు. సంతోషమ్మ మాత్రం పెరట్లో పొయ్యి ముట్టించింది. కాలు కాల్చేవాళ్ళు నిప్పు వదిలి పోకూడదు. డేగిశా కింద నిప్పులు వెయ్యాలి, మూత మీద నిప్పులు వెయ్యాలి. కాసేపటికోసారి పట్టకారుతో మూత ఎత్తి, కాలును తిప్పి, అడుగున దిగిన కొవ్వును గరిటెతో దాని మీదే పొయ్యాలి. కళ్ళు మండుతాయి. మెడ పీకుతుంది. దూరం నుంచి గుళ్ళో పాట వినిపించింది. సంతోషమ్మ పెదవులు కదిలించింది గానీ గొంతు రాలేదు. పొగ.

అప్పుడు ఆవిడ చూసింది, పొయ్యికి మూడో రాయి లేదు. దాని చోట ఒక సగం ఇటుక ఉంది. కాలు తిప్పినప్పుడల్లా ఆ ఇటుక కదులుతోంది.

ఆ రాయి ఏమైందంటావా? వాకిట్లో ఉంది. సంతోషమ్మ మొగుడు తీతు, ముందురోజు సాయంత్రం కాగితం నక్షత్రం కట్టాడు. పొడుగాటి వెదురుగడ పాతాడు. గడ వంగిపోతోందని పొయ్యిరాయి ఒకటి పట్టుకెళ్ళి గడ మొదట్లో పెట్టాడు. పొయ్యికి చేతికందిన ఇటుక పెట్టాడు. మంచివాడే. పని అయ్యాక ఆ పని మర్చిపోతాడు, అంతే.

గుడి నుంచి అందరూ వచ్చారు. వచ్చి వసారాలో కూర్చున్నారు. సంతోషమ్మ తలుపు దాకా వెళ్ళి మొగుణ్ణి పిలిచింది. "ఏమండీ, ఆ ఇటుక కదులుతోంది. రాయి తెచ్చి పెట్టరూ."

"పెడతాలే."

ఆవిడ పొయ్యి దగ్గరికి పోయింది. కాలు తిప్పింది. మళ్ళీ వచ్చింది. "ఏమండీ, ఇటుక."

"చెప్పావుగా. అన్నయ్య మాట్లాడుతున్నాడు, ఉండు."

మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అనకముందే సలోమి నవ్వింది. "ఏంటి వదినా, కాలుగాలిన పిల్లిలా ఇటూ అటూ తిరుగుతావు? ఒకచోట కూర్చోరాదూ."

కాలుగాలిన పిల్లి అంటే తెలుసుగా, నిలకడ లేకుండా తిరిగేవాళ్ళను అంటారు. అందరూ నవ్వారు. తీతు కూడా నవ్వాడు. సంతోషమ్మ అడగాల్సింది అడక్కుండా వెనక్కి పోయింది. ఆ సంగతి గుర్తుపెట్టుకో.

ఆ తర్వాత వసారాలో ఆకలి మొదలైంది. ఎవరూ లేవలేదు. కూర్చున్నచోట నుంచే కేకలు.

ముందు తీతు. "సంతోషం, కాలు కాలిందా?"

"ఇంకా లేదండీ."

కాసేపటికి ఫిలేమోను. "ఏమ్మా, కాలు కాలిందా? ఇక్కడ మా కడుపులు కాలుతున్నాయి."

"ఇంకొంచెం బావగారూ."

అప్పుడు సంతోషమ్మ ఆఖరుసారి కాలు తిప్పింది. వేలితో నొక్కి చూసింది. మెత్తగా దిగింది. పైన ఎర్రగా, గాజులా నిగనిగలాడే రంగు వచ్చింది. మాడలేదు. పచ్చి లేదు. ఇక దించడమే. మూత పెట్టి, గోనెపట్టా కోసం ఇటు తిరిగింది.

ఇటుక పగిలింది.

డేగిశా ఒరిగింది. మూత మీది నిప్పులు గలగలా రాలాయి. చేతిలో ఉన్నది పట్టకారు. పట్టకారుకు అంత బరువు ఆగదు. కింద మట్టి, బూడిద. అప్పుడు సంతోషమ్మ ఏం చేసిందో ఆవిడకే తెలియదు. ఎడమ పాదం ముందుకు పెట్టింది. డేగిశా వచ్చి ఆ పాదానికి ఆనుకుని ఆగింది.

కెవ్వుమనలేదు. పళ్ళు బిగపట్టింది. చెయ్యి చాపి, రోట్లో ఉన్న పొత్రాన్ని లాగి డేగిశా కింద దోపింది. డేగిశా నిలబడింది. ఆ తర్వాత పాదం బయటికి తీసుకుంది. పక్కనున్న నీళ్ళ తొట్టిలో పెట్టి, అక్కడే కూలబడింది. మూత ఊడలేదు. లోపల కాలు ఉన్నచోటే ఉంది.

అప్పుడే వసారాలోంచి అత్తగారు దీనమ్మ కేకేసింది. "సంతోషం, కాలు కాలిందా?"

"కాలింది అత్తయ్యా."

"బాగా కాలిందా?"

"బాగా కాలింది."

"హమ్మయ్య. పట్టుకురా మరి."

"నేను తేలేను. ఎవరన్నా రండి."

ఫిలేమోను, తీతు వచ్చారు. వాళ్ళ కళ్ళు డేగిశా మీదే. "అబ్బ, ఏం వాసనరా" అన్నాడు ఫిలేమోను. గోనెపట్టాతో చెరో చెవీ పట్టుకుని మోసుకుపోయారు. తొట్టి వైపు చూడలేదు. ఆవిడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి తల్లీ. పొద్దున్నుంచి చెప్పీ చెప్పీ ఆ ఓపికే ముందు అయిపోయింది.

లోపల చాపలు పరిచారు. కాలును పళ్ళెంలోకి దించారు. ఫిలేమోను అలవాటుగా కత్తి తీసుకున్నాడు. అప్పుడు హనోకు తాత చెయ్యి చాపాడు.

"కత్తి ఇటివ్వు."

"నీకు కనపడదుగా నాన్నా, నేను కోస్తాలే."

"కనపడకపోతే మాట పోయిందా? కాల్చింది ఎవరు?"

"సంతోషం."

"సంతోషం రాకుండా కత్తి దిగదు. పిలవండి."

సలోమి వెనక గుమ్మం దాకా వెళ్ళి పిలిచింది. "వదినా, నాన్న రమ్మంటున్నాడు."

"రాలేను సలోమీ. కాలు కాలింది."

"కాలిందని తెలుసులే. ఎదురుగానే ఉంది."

చాపల మీద అందరూ నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు. కళ్ళు పోయినవాళ్ళకు గొంతులు బాగా కనపడతాయి. ఆయన లేచి, గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

"ఏ కాలమ్మా?"

"నాదే మామయ్యా. ఎడమది."

నవ్వు ఆగింది.

అందరూ పెరట్లోకి వచ్చారు. నీళ్ళల్లో పాదం చూశారు. పగిలిన ఇటుక చూశారు. దాని పక్కన పొత్రం చూశారు. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పే పని లేకపోయింది. దీనమ్మ కలబంద కోసుకొచ్చి గుజ్జు తీసింది. తీస్తూ తీస్తూ, "బాగా కాలిందా అని అడిగాను" అంది. "అడిగాను, విన్నాను" అని మళ్ళీ అంది. సలోమి వచ్చి వదిన వెనక కూర్చుని ఆవిడ వీపును తన మీద ఆనించుకుంది.

తీతు ఒక్కడే అక్కడ లేడు. వాకిట్లోకి వెళ్ళి గడ మొదట్లో రాయి లాగేశాడు. నక్షత్రం వంగి వంగి నేల మీద పడింది. రాయి తెచ్చి పొయ్యి దగ్గర పెట్టాడు. ఆ రాయితో ఇప్పుడు పని లేదని ఆయనకు తెలుసు. అయినా పెట్టాడు.

"చాపలు ఇక్కడికి తీసుకురండి" అన్నాడు తాత.

చాపలు పెరట్లోకి వచ్చాయి. పళ్ళెం వచ్చింది. ఫిలేమోను కత్తి తెచ్చి, పిడి అటు తిప్పి మరదలికి ఇచ్చాడు. సంతోషమ్మ కూర్చున్నచోట నుంచే కోసింది. కాలు మాడలేదు, పచ్చిగా లేదు, మట్టి అంటలేదు. మొదటి ముక్క ఆవిడ కంచంలోనే వేసుకుంది. ఆవిడ తినేదాకా ఎవరూ తినలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు తాత. ఉప్పు సంగతి చెబుతుందనుకున్నాడు, మిరియాల సంగతి చెబుతుందనుకున్నాడు.

"వేడిగా ఉంది మామయ్యా" అంది సంతోషమ్మ.

రెండో ముక్క నోట్లో పెట్టుకుంది. మూడోది చేతిలోకి తీసుకుంది. ఆ మూడోది నోటిదాకా రాలేదు. కంచం ఒళ్ళో ఉండగానే, సలోమి మీద ఒరిగి నిద్రపోయింది.

చూశావా తల్లీ, కాలు కాలితే పిల్లి తిరుగుతుందంటారు. సంతోషమ్మ మాత్రం కాలు కాలాకే కూర్చుంది.

ఆ తర్వాత కూడా పండుగలు వచ్చాయి. ఆ ఇంట్లో కాలు కాల్చడం మానలేదు, ఆవిడా మానలేదు. కానీ వసారాలో కూర్చుని కాలు కాలిందా అని కేకెయ్యడం మానేశారు. ఎవరికి తెలుసుకోవాలనుంటే వాళ్ళే లేచి పెరట్లోకి వెళ్ళేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు ఊరికే రాలేకపోయేవాళ్ళు, కాసిని నిప్పులు ఎగదోసి వచ్చేవాళ్ళు.

సంతోషమ్మ పాదం మానడానికి ఎండలు వచ్చేదాకా పట్టింది. చిటికెనవేలూ పక్కవేలూ అతుక్కుపోయాయి. ఆ ఎడమకాలికి ఆవిడ ఇక ఎన్నడూ చెప్పు తొడగలేకపోయింది.

నిప్పు బూడిదకి, గిన్నె గూటికి,
కత్తి ఒరలోకి, కాలు మంచానికి,
కథేమో కంచికి, నువ్వేమో కంబళికి.