స్వామివారి సీటు

నరహరిస్వామిని ఏం అడిగినా సూటిగా జవాబు చెప్పేవాడు కాదు. "చూద్దాం" అనేవాడు. ఆ మాట విని విని విసుగెత్తి, ఈయన దగ్గర సరుకు లేదని తేల్చుకుని వెళ్ళిపోయిన పండితులు చాలామందే ఉన్నారు. తాయారు మాత్రం వెళ్ళలేదు. ఆవిడ మొండిఘటం. కుట్టుపని నేర్పే కొలువు మానుకుని, గిద్దలూరుకు అవతల నల్లమల అంచున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వచ్చి, వంటా మందుల గదీ ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. ఒక సాయంత్రం ఆవిడ స్వామి ఎదుట కూర్చుని అడిగింది: "స్వామీ, గురువు అడుగుజాడల్లో నడవడమంటే ఏమిటి?"

"చూద్దాం" అన్నాడు స్వామి. అని, బొడ్డున దోపుకున్న కారు తాళాలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

తాళాలు ఇవ్వడానికి కారణం లేకపోలేదు. కాషాయం కట్టకముందు స్వామి బస్సు డ్రైవరు. ఆజానుబాహువు. ఆశ్రమానికి ఎవరో భక్తులిచ్చిన పాత తెల్లకారును ఇన్నేళ్ళూ ఆయనే నడిపాడు. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. స్వామి మానేస్తే మానేయొచ్చు, కోటిలింగం సంగతేమిటి? కోటిలింగం పక్కపల్లె రైతు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు పట్నంలో డయాలసిస్‌కు స్వామే తీసుకెళ్ళేవాడు. ఆ పల్లెకు బస్సు రాదు, ఆటోలో ఆ గతుకులకు అతని ప్రాణం తట్టుకోలేదు. ఒక్కసారి తప్పిందంటే ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు. ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి. తాయారుకు లైసెన్సు ఉంది, ఒకప్పుడు వాళ్ళ అన్నగారి కారు నడిపిన చెయ్యే. "నేను తీసుకెళ్తాను స్వామీ" అంది. అన్నాక వెనక్కి తగ్గే మనిషి కాదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. స్వామి పక్క సీట్లో అప్పటికే కూర్చుని ఉన్నాడు. తాయారు డ్రైవరు సీటును తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత ఎలా కూర్చుందనుకున్నారు? కొసన! పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లలాగా, సీటు అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది. గురువు వీపు ఆన్చిన చోట శిష్యురాలు వీపు ఆన్చుతుందా? ఆయన సరిచేసుకున్న ఆసనాన్ని ముందుకూ వెనక్కూ లాగుతుందా? అపచారం కాదూ! సీటేమో స్వామి పొడుగాటి కాళ్ళకు తగ్గట్టు ఎక్కడో వెనక ఉంది. తాయారు స్వామి భుజం దాకా కూడా రాదు. స్టీరింగు అందుకోవడానికి చేతులు కర్రల్లా చాచింది. బ్రేకు మీద పాదం ఆనలేదు, బొటనవేలు మాత్రం తగిలింది. తల పైనున్న అద్దంలో చూస్తే వెనక రోడ్డుకు బదులు కారు కప్పు కనబడింది. దాన్నీ ముట్టుకోలేదు మహాతల్లి. స్వామి అన్నీ చూస్తూనే ఉన్నాడు.

కొండవాలు దిగుతుండగా మలుపులో మేకల మంద అడ్డమొచ్చింది. తాయారు బ్రేకు తొక్కింది, తొక్కాననుకుంది. వేలు జారింది. కారు ఆగలేదు. స్వామి చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఘోరం జరిగిపోయేది. మేకలాయన కర్ర ఎత్తుకుని వచ్చాడు. "ఏందమ్మే, కళ్ళు నెత్తికెక్కినయ్యా? రానప్పుడు ఎందుకు నీకీ బండి?" అని అరిచాడు. తాయారుకు తల కొట్టేసినట్టయింది. ఇదే రేపు, కోటిలింగం వెనక కూర్చుని ఉన్నప్పుడు జరిగితే?

ఆశ్రమానికి ఎలాగో తిరిగొచ్చారు. తాయారు కారు దిగి, కళ్ళు తుడుచుకుని అడిగింది: "స్వామీ, నేను మానను. మానితే ఆయన బతకడు. ఎక్కడ తప్పానో చెప్పండి. మీ సీటు వెంట్రుకవాసి కదపలేదు. మీరు ఎలా పెట్టుకున్నారో అలాగే ఉంచి నడిపాను కదా!"

"చూద్దాం" అన్నాడు స్వామి. తన పావుకోళ్ళు విడిచి ఆవిడ ముందుకు తోశాడు. "ఇవి వేసుకెళ్ళి ఆ చేతిపంపు దగ్గర చెంబెడు నీళ్ళు పట్టుకురా తల్లీ, దాహంగా ఉంది."

తాయారు చటుక్కున వెనక్కి జరిగింది. "శివశివా! ఎంత మాట! మీ పావుకోళ్ళు నెత్తిన పెట్టుకుంటాను గానీ కాళ్ళకు తొడుక్కుంటానా?"

"నెత్తిన పెట్టుకున్నవాటితో నడవలేం కదమ్మా" అని, స్వామి ఉత్తకాళ్ళతోనే వెళ్ళి నీళ్ళు తాగి లోపలికి వెళ్ళిపోయాడు.

తాయారు ఆ పావుకోళ్ళ వంక చూసింది, కారు వంక చూసింది. కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు తను మొట్టమొదట ఏం చెప్పేది? ముందు స్టూలు జరుపుకో, పెడలు మీద పాదం పూర్తిగా ఆనించు, నడుం నిలబెట్టు, తర్వాతే గుడ్డ ముట్టుకో. ఆ ముక్క ఇక్కడ గుర్తు రాలేదంటే భక్తి ఎంత కళ్ళు మూసిందో చూడండి. ఆవిడకు తన మీద తనకే ఒళ్ళు మండింది. కొంగు బిగించి సీటు కింద మీట పట్టుకుని లాగింది. ఏళ్ళుగా కదలని మీట, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కుట్టుమిషను నూనె తెచ్చి పోసింది. కాసేపు ఆగి మళ్ళీ లాగింది. చేతులు ఎర్రబడ్డాయి, వదల్లేదు. చివరికి కిర్రుమంటూ సీటు ముందుకు జరిగింది. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంది. క్లచ్చి అడుగుదాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండేటట్టు, చేతులు చాచకుండానే స్టీరింగు అందేటట్టు చూసుకుంది. అప్పటికీ బానెట్టు అవతల నేల కనబడలేదు. సాయంత్రం కూర్చుని గట్టి దూదిమెత్త ఒకటి కుట్టి, జారకుండా నాడాలు పెట్టి సీటుకు కట్టేసింది. అద్దం తన కళ్ళకు తిప్పుకుంది. బెల్టు పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద చీకటి పడేదాకా బ్రేకు తొక్కి ఆపడమే సాధన చేసింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. కారుకు వెనక ఎడమ తలుపు తెరుచుకోదు, అందుకని కోటిలింగం ఎప్పుడూ డ్రైవరు వెనకే కూర్చునేవాడు. ఆ రోజూ అక్కడే కూర్చున్నాడు. వాలు మలుపులో మళ్ళీ మేకలు. తాయారు పాదం నిండుగా ఆనింది, కారు మంద కంటే చాలా ఇవతలే బుద్ధిగా ఆగింది. మేకలాయన ఎగాదిగా చూసి, "ఈ పొద్దు మనిషి మారిందే!" అని మేకల్ని అదిలించుకుంటూ పోయాడు. తాయారు నవ్వు ఆపుకోలేకపోయింది. పట్నం చేరారు, పని పూర్తయింది, పొద్దు వాలే వేళకు క్షేమంగా తిరిగొచ్చారు.

స్వామి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. తాయారు దిగుతూనే గబగబా మీట పట్టుకుంది. ఎంతైనా స్వామివారి సీటు, ఎక్కడున్నది అక్కడ పెట్టాలి కదా! అప్పుడు వెనకనుంచి కోటిలింగం గొంతు వినిపించింది.

"ఉండమ్మా, వెనక్కి నెట్టకు" అన్నాడు అతను, నీరు పట్టిన కాళ్ళు రెండూ చాపుకునే కూర్చుని. "ఈ రోజే హాయిగా వచ్చాను. ఇన్నాళ్ళూ మోకాళ్ళు గుండెలకు ఆనించుకుని కూర్చునేవాణ్ణి. స్వామివారికి ఎట్లా చెప్పేది?"

తాయారు చెయ్యి మీట మీదే ఆగిపోయింది. స్వామి మసకబారిన కళ్ళతో వంగి, ఆ కాళ్ళను తడిమి చూశాడు.

"అద్దంలో నాకు రోడ్డే కనబడేది తాయారూ" అన్నాడు. "సీటు అక్కడే ఉండనీ. ఈసారి నేను వెనక కూర్చుంటాను."