ముళ్ళపంది పెట్టిన ఆచారం

నైజీరియా దేశంలో బెన్యూ నది ఒడ్డున, ఎర్రరాళ్ళ గుట్ట మీద జంతువులకొక శాసనసభ ఉండేది. అధ్యక్షస్థానంలో నీటిగుర్రం కూర్చునేది. అది లేస్తే సభ ముగిసినట్టు, ఆవులిస్తే తీర్మానం నెగ్గినట్టు. ఏ పదవికి ఎవరో సింహం కొలువు నుంచి పేర్లు వచ్చేవి. పేరు వచ్చినవాణ్ణి సభ మధ్యలో నిలబెట్టి, ఎవరికి తోచిన ప్రశ్న వాళ్ళు అడిగి, జవాబు నచ్చితేనే ఒప్పుకునేవారు. ఆ అడవిలో చెప్పుకోదగ్గ మంచి పద్ధతి అదొక్కటే. దాన్ని పాడుచేసింది ఎవరో చెబితే నేను అబద్ధమాడుతున్నానంటారు.

పాడుచేసింది బేగువ అనే ముళ్ళపంది.

గడ్డిమైదానంలో గిన్నికోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటు పక్కనే, ఒక బొరియలో పుట్టాడు వాడు. తల్లిని చిరుత చంపేస్తే జబువా అనే గిన్నికోడి వేరుశనగలు ఏరి తెచ్చి పెంచింది. చిన్నప్పటి నుంచీ వాడికి అడగకుండా ఉండడం చేతకాదు. ఒక ఎండాకాలం నీటిగుర్రాలు రేవంతా పరుచుకుని పడుకుంటే, కొమ్ములు తిరిగిన దున్నలే పక్కన బురద నాకి పోతుంటే, పిడికెడంత బేగువ వెళ్ళి ఈ నది మీకెవరు రాసిచ్చారని అడిగాడు. వాటికి జవాబు దొరకలేదు. దొరక్క లేచి పక్కకి జరిగాయి. వీణ్ణి సభకు పంపాలని జబువా ఆ రోజే అనుకుంది.

అక్కడ ఓటు వేయడమంటే నచ్చినవాడి వెనక వరసలో నిలబడడం. ఎన్నికల రోజు బేగువ వెనక మొదలైన గిన్నికోళ్ళ వరస నది దాకా పోయింది. జబువా అందరికంటే ముందు నిలబడింది. మాకు నువ్వు చేయాల్సిందల్లా ఒకటేనని చెప్పింది: గుడ్లు పెట్టే చోటు చుట్టూ ముళ్ళకంచె. బేగువ ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మొదట్లో వాడు లేస్తే సభ సర్దుకుని కూర్చునేది. మొసలి ఏడుపు ఆపి జవాబు చెప్పింది ఒక్క బేగువకే. కంచె కూడా అడిగాడు, సాధించాడు. నాలుగు ఏనుగులు మోసుకొచ్చేంత ముళ్ళకంప మంజూరైంది. కంప వచ్చింది. వచ్చి, తిన్నగా బేగువ బొరియ చుట్టూ చేరింది. ఒంటి నిండా ముళ్ళున్నవాడికి ముళ్ళకంచె! జబువా అడిగితే, "వచ్చే సమావేశాల్లో నీ సంగతి చూస్తా పిన్నీ" అన్నాడు. అలా పదహారు వానాకాలాలు, సభ్యుడిగా నాలుగు విడతలు. ఆవిడ అడుగుతూనే ఉంది, వరసలో ముందు నిలబడుతూనే ఉంది.

నాలుగో విడత చివర్లో రేవు పెద్ద పదవికి బేగువ పేరు వచ్చింది. ఏ మంద ముందు నీళ్ళు తాగాలో చెప్పే పెత్తనం. సభ్యత్వం వదులుకోనక్కరలేదు కూడా. కానీ మధ్యలో నిలబడాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. కంచె గురించి అడగడానికి మొసలి ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది. ఇన్నేళ్ళు ఇతరుల ఒంట్లో ప్రశ్నలు గుచ్చినవాడికి, ఒక్క ప్రశ్న తన వైపు తిరిగేసరికి చెమటలు పట్టాయి. ముందురోజే లేచి ప్రతిపాదన పెట్టాడు.

"అధ్యక్షా, ఈ సభలో ఒక్కరోజైనా కూర్చున్నవాడు మనవాడు. మనవాణ్ణి ప్రశ్నించడమంటే మనల్ని మనం అవమానించుకోవడమే. అలాంటివాడు పదవికి వస్తే ఒకసారి వంగి నమస్కరించి వెళ్ళిపోతే చాలు."

ప్రతివాడికీ తన బొరియ చుట్టూ చేర్చుకున్నది గుర్తొచ్చింది. మొసలి అందరికంటే గట్టిగా బల్ల చరిచింది. నీటిగుర్రం ఆవులించింది. మర్నాడు బేగువ మధ్యలోకి వచ్చి, వంగి, రేవు పెద్ద అయి వెళ్ళిపోయాడు. గుట్ట అంచున కూర్చుని సభ చూసే జబువా, మరి మా కంచె సంగతో అని దారిలో అడ్డుపడితే, అంతా సభ తేల్చేసింది పిన్నీ అన్నాడు.

సరిగ్గా అప్పుడే కొండవైపు సభ్యుడు, ముసలి అడవిపంది, చనిపోయింది. విడత ముగియడానికి నెల కూడా లేదు. ఆ ఖాళీకి గాంబో అనే హైనా నిలబడింది. పోటీకి ఎవడొస్తాడు? సభకు రెండు రోజులు వచ్చి, రెండు రోజులూ గురకపెట్టి నిద్రపోయి, మూడో రోజు రాజీనామా ఇచ్చింది. సభంతా నవ్వింది. మాంసం పెట్టని చోట ఎన్నాళ్ళు కూర్చుంటుందిలే అని బేగువ జోకు వేస్తే ఇంకా నవ్వింది. వాడి బుర్రకు తట్టనిది గాంబో బుర్రకు తట్టిందని అప్పుడెవరికీ తెలియదు.

వారం తిరగకుండా కొలువు నుంచి జాబితా వచ్చింది. నీటిగుర్రం చదివింది. గడ్డిమైదానంలో గుడ్లకూ పిల్లలకూ కాపలాదారు: మాజీ సభ్యుడు గాంబో.

గాంబో నింపాదిగా మధ్యలోకి నడిచి వచ్చింది, తల కిందికి దించి, మెడ నేలకు తగిలేంత వంగింది. అంత వంగకుండా ఉంటే సభకు తెలిసేదే కాదు. మెడ మీది జూలులో తెల్లచుక్కల బూడిదరంగు ఈకలు, మూడు, ఇంకా తడిగా అతుక్కుని ఉన్నాయి. గిన్నికోడి ఈకలు. సభలో కళ్ళున్న ప్రతివాడూ చూశాడు. అంచున కూర్చున్న జబువా చూసింది. పొద్దున తన చిన్నకూతురు గుడ్లు పొదుగుతుంటే నీళ్ళు తాగి వస్తానని చెప్పి బయలుదేరింది ఆవిడ. ఆవిడ బేగువ వైపు చూసిందంతే.

బేగువ ఒంటి మీద ముళ్ళన్నీ లేచాయి.

"అధ్యక్షా, ఒక్క ప్రశ్న."

"గౌరవ సభ్యులు కూర్చోవాలి," అంది నీటిగుర్రం. "మీరు పెట్టిన ఆచారమే కదా."

"ఆ మెడ మీద ఏముందో చూడండి అధ్యక్షా."

"చూశాం. చూడొద్దని ఆచారంలో లేదు. అడగొద్దనే ఉంది."

గాంబో మెల్లగా నడుము ఎత్తి పళ్ళు బయటపెట్టింది. "మీ దగ్గర నేర్చుకున్నదే అన్నగారూ. వంగడం సరిగ్గా వచ్చిందా?"

నీటిగుర్రం ఆవులించింది.

ఆ సాయంత్రానికి గడ్డిలో పెంకులే మిగిలాయి. బతికిన గిన్నికోళ్ళు రెక్కలు నొప్పెట్టేలా ఎగిరి నది అవతలి రాళ్ళ ఒడ్డుకు చేరాయి. బేగువ బొరియ చుట్టూ ముళ్ళకంచె మాత్రం చెక్కు చెదరలేదు. ఏనుగులు మోసిన కంప మరి.

వానలు పడ్డాక ఎన్నికలొచ్చాయి. బేగువ వేరుశనగల మూటతో నది దాటాడు. దారి పొడుగునా జవాబులు నెమరేసుకుంటూ వచ్చాడు. కంచె ఎందుకు కట్టలేదని అడిగితే ఏం చెప్పాలి, ఆచారం ఎందుకు పెట్టావంటే ఏం చెప్పాలి, అన్నీ సిద్ధం. ఏడవడానికి కూడా సిద్ధపడే వచ్చాడు. గిన్నికోళ్ళు వాణ్ణి మధ్యలో నిలబెట్టి చుట్టూ కూర్చున్నాయి.

"అడగండి," అన్నాడు. ఎవరూ అడగలేదు. "తిట్టనైనా తిట్టు పిన్నీ. నీ కూతురి గురించైనా అడుగు."

జబువా లేచి వచ్చి వాడి ముందు నిలబడింది. తను పెంచిన మొహం వంక చూసింది.

"నువ్వు మావాడివి నాయనా. మావాణ్ణి ప్రశ్నించం," అంది. "వంగి వెళ్ళిపో."

ఇంకేం చేయాలో తెలియక వాడు వంగాడు. లేచి, అలవాటుగా వరస కోసం వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వాడి వెనక నది దాకా ఖాళీ రాళ్ళు.

అడిగేవాళ్ళ నోరు మూయించినవాడికి, తన గోడు చెప్పుకోవలసిన రోజున అడిగేవాళ్ళు దొరకరు.