రాజు చూసిన చుక్కలు, నాంచారి వత్తిన అప్పడం

అనగనగా ఒక ఊళ్ళో, మేడెక్కితే దిగని రాజొకడుండేవాడర్రా. అందరు రాజులూ వేటకి పోతే ఈయన దుర్భిణి పెట్టుకుని చుక్కల్ని చూసేవాడు. అన్నం చల్లారిపోతోందని కబురెడితే, ఇదిగో వస్తున్నా అనేవాడు గానీ దిగితేనా! మీ తాతయ్యా అంతే, చేతిలో పేపరుంటే కొంప కూలినా లేవరు. ఊ కొడుతున్నారా?

ఒకనాడు ఆ రాజు బిక్కమొహం వేసుకుని దిగాడు. ఏమయిందండీ అని రాణి అడిగితే, చుక్కల గుంపులన్నీ మన దగ్గర్నుంచి పోతున్నాయే, దగ్గరున్నది మెల్లగా పోతోంది, దూరానున్నది పరుగున పోతోంది అన్నాడు. రాణి గుండెలు బాదుకుంది. మొన్ననేగా కొత్తకోడలు నాంచారి గడపలో కాలు పెట్టింది! దీని పాదం మంచిది కాదు, చుక్కలు కూడా మనల్ని వదిలిపోతున్నాయి, ఇవాళే పుట్టింటికి పంపేస్తానంది. పల్లకీ మోసే బోయీలకి కబురెళ్ళింది. కొడుకున్నాడు గానీ, తల్లి ముందు వాడు నోరు విప్పితే ఒట్టు.

ఆ మాట నాంచారి చెవిన పడింది. తప్పు చేసి వెళ్ళినా ఒక అందం, ఏ తప్పూ చెయ్యకుండా మా అమ్మ గుమ్మంలో ఎలా నిలబడనూ అని ఏడుస్తూనే అప్పడాలు వత్తుతోంది. ఏడుపు ఏడుపే, పని పనే. పిండి ఎండిపోతే మళ్ళీ అదో తిట్టు. వత్తుతూ వత్తుతూ అప్పడంలో జీలకర్ర వంక చూసి, ఠక్కున కర్ర ఆపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని అత్తామామల్ని పిలిచింది.

కొత్త ఉండ తీసి కాస్త అదిమి, అత్తగారి చేత ఒక జీలకర్ర గింజ మీద వేలు పెట్టించింది. ఇది మన ఊరు, మిగతావి చుక్కల గుంపులు అనుకోమంది. వేలు తీయించి వత్తింది. పక్క గింజ కాస్త జరిగింది, చివరి గింజ చాలా దూరం పోయింది. చూశావా, పోతున్నాయి అంది రాణి. సరే, ఇప్పుడా చివరిదే మన ఊరనుకోండి అని నాంచారి మళ్ళీ వత్తింది. ఈ గింజనడిగితే ఆ గింజ పోతోందంటుంది, ఆ గింజనడిగితే ఈ గింజే పోతోందంటుంది. ఏ గింజా కాలు కదపలేదు, మధ్యన పిండి సాగింది, అంతే.

“అన్ని చోట్లా ఇదే వరసైతే, ఆ చుక్కల్లో ఏ కోడలు అడుగుపెట్టిందంటారు అత్తయ్యా?”

రాజు అప్పడం మీదికి వంగి చూశాడు. ఆకాశమే సాగుతోందన్నమాట అన్నాడు! అప్పడానికి అంచుంది, ఆకాశానికి అంచు ఎవరూ చూళ్ళేదనుకోండి, అది వేరే సంగతి. ఊ?

రాణికి కోపం దిగి భయం పట్టుకుంది. అయితే ఒకనాటికి మనమూ ఒకరికొకరం దూరమైపోతామా అనడిగింది. పిండి సాగింది గానీ గింజ సాగిందా అత్తయ్యా, గట్టిగా పట్టుకున్నవి పట్టుకునే ఉంటాయి అని, అతుక్కునున్న రెండు గింజలు చూపించింది నాంచారి.

బయట బోయీలు కేకేస్తే, రాణి వాళ్ళని పొమ్మంది. లోపల్నుంచి ఇంకో పీట తెచ్చుకుని, “జరగవే తల్లీ” అంటూ కోడలి పక్కన చతికిలబడింది. నాంచారి జరగలేదు. అత్తగారి మోకాలికి మోకాలు ఆనించి అలాగే కూర్చుంది.

ఆకాశం సాగితే సాగనీయండర్రా, మనుషులం మనం ఎడం కాకూడదు. కథ కంచిదాకా పోయింది, మీరు దుప్పట్లోకి రండి.