మరిడియ్య మూడొందలు

తాతారావు మాస్టారికి ఓ చెడ్డ అలవాటుంది. ఏదడిగినా జవాబు చెప్పరు, చేసి చూడమంటారు. కబడ్డీలో మన గోదారి లంకల్లో ఆయన్ని మించిన గురువు లేడు. కూతకొచ్చినోడి కాలు ఆయన ఒక్కసారి పట్టారంటే, ఆ కాలు ఇంటికెళ్ళి అన్నం తిన్నాక కూడా వొణికేది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఓ రోజు కబడ్డీ క్లబ్బు సెక్రటరీ సూరిపండు, ఆయన శిష్యుడే, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గురువుగారూ, మరిడియ్య బాబాయ్ ఎనిమిదేళ్ళ నించి మన కోర్టు మట్టి జల్లిత్తన్నాడు, తడుపుతున్నాడు, గీతలేత్తన్నాడు. కొబ్బరికాయలు వొలిచే కూలి మానుకుని మరీ వత్తన్నాడండి. మనమేమో టీ నీళ్ళతో సరిపెడతన్నాం. డబ్బులియ్యాలా, అక్కర్లేదా?"

మాస్టారు చుట్ట నోట్లోంచి తీసి, "ఇచ్చి చూడు" అన్నారు. అంతే.

సూరిపండు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ సాయంత్రమే కమిటీని కూర్చోబెట్టి రోజుకి మూడొందలు ఖాయం చేయించాడు. మరిడియ్య "నాకెందుకురా, నా సరదా నాది" అని నవ్వాడు గానీ, ఇంటావిడ చూసిన చూపుకి నోరు మూసుకుని పుచ్చుకున్నాడు. పనిలో మాత్రం వెంట్రుకంత తేడా లేదు. ఆయన చేసిన కోర్టులో కోడిగుడ్డు జారవిడిస్తే లోపలున్న పిల్లకి మెలకువ కూడా వచ్చేది కాదు. డబ్బులు పుచ్చుకున్నాకా అదే మెత్తన.

తేడా వచ్చింది మిగతావోళ్ళలో. మునుపు ఆటకొచ్చిన ప్రతోడూ ముందు బాబాయ్ చేతిలో జల్లెడ లాక్కునేవాడు, బిందె అందుకునేవాడు. ఇప్పుడు గట్టు మీద చతికిలబడి మోకాళ్ళకి పట్టీలు కట్టుకుంటా, "బాబాయ్, ఆ మూల గట్టిగా ఉంది, చూడు" అంటన్నారు. పది రోజులకి 'బాబాయ్' ఊడిపోయి 'మరిడియ్యా' మిగిలింది. సూరిపండూ అలాగే పిలిచాడు. పిలిచినట్టు తనకే తెలీదు.

ఇంతలో లంకల కబడ్డీ పోటీల ఫైనల్ రానే వచ్చింది. పదకొండేళ్ళకి మొదటిసారి మన ఊళ్ళో ఫైనల్! జనం ఎంతమందంటే, కొబ్బరిచెట్లకి కాయల కంటే మనుషులే ఎక్కువ వేలాడుతున్నారు. మైకు మోగుతోంది, డప్పులు అదిరిపోతున్నాయి. అప్పుడు లేచింది మబ్బు, గోదారి మీంచి, నల్లగా. అంపైరు సూరిపండు చెవిలో, "సాయంత్రానికి కోర్టు సిద్ధంగా లేకపోతే ఫైనల్ పక్కూరికి పోద్దయ్యా" అన్నాడు.

సూరిపండు జనం కోసం వేసిన షామియానా కింద నిలబడి మబ్బుకేసి చూశాడు.

టపటపా చినుకులు మొదలయ్యాయి. కోర్టు మీద కప్పే బరకం, ధాన్యం రాశుల మీద కప్పుతారే అది, పదిమంది పట్టుకుంటే గానీ పరుచుకోదు. మునుపు చినుకు పడితే చాలు, ఎదుటి జట్టోళ్ళు కూడా ఉరికొచ్చి తలో కొసా పట్టేవారు. ఇవాళ ఒక్కడే ఉరికాడు, మరిడియ్య. ఓ మూల లాగితే రెండో మూల లేస్తంది. గాలి ఆ బరకాన్నీ మరిడియ్యనీ కలిపి గాలిపటంలా మూరెడెత్తు లేపేసింది. కాళ్ళు గాల్లో ఆడుతున్నాయి, అయినా వొదల్లేదు మనిషి!

షామియానా కింద ఊరంతా నిలబడి కేకలు. "ఆ మూల! ఆ మూల! లాగు మరిడియ్యా!"

అందరి కేకలనీ మించి ఒక గొంతు వినపడింది. "డబ్బులు పుచ్చుకుంటన్నావ్ గదా, తొరగా కప్పు!"

ఆ గొంతు సూరిపండుదే.

డప్పులు ఆగిపోయాయి. మరిడియ్య కొస వొదలకుండానే తల తిప్పి చూశాడు. కోపం లేదు ఆ మొహంలో.

"మూడొందలకి రెండు చేతులే వత్తాయిరా అబ్బాయ్."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు సూరిపండుకి. షామియానాలోంచి ఒక్క దూకు దూకాడు. కూతకెళ్ళినప్పుడు కూడా అంత వేగంగా దూకలేదు వాడు. వాడి వెనక మన జట్టు, వాళ్ళ వెనక ఎదుటి జట్టు, ఆఖరికి మెళ్ళో ఈలతో అంపైరు! బరకం పరుచుకునేసరికి సగం కోర్టు అంబలైపోయింది. అయితేనేం? వాన వెలిశాక తడి మట్టి గీకి గంపలకెత్తారు, ఇసకా రంపపుపొట్టూ తెచ్చి పోశారు, పాదాలతో తొక్కారు. మరిడియ్య నడుం మీద చెయ్యేసుకుని "అక్కడ కాదు, ఇక్కడ" అని అందర్నీ అదిలిస్తంటే, సూరిపండు తట్ట మోసుకుంటా "ఇక్కడేనా బాబాయ్?" అని అడుగుతున్నాడు. సాయంత్రానికి ఆట మన ఊళ్ళోనే పడింది. గెలిచింది మనోళ్ళే, అది వేరే చెప్పాలా!

జనం సర్దుకున్నాక సూరిపండు ఒళ్ళంతా మట్టితో మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, రేపట్నించి ఆ డబ్బులు ఆపెయ్యమంటారా?"

"ఆపమన్నదెవర్రా? ఆయన కూలి ఆయనకి ఇయ్యాల్సిందే." మాస్టారు చుట్ట దులిపారు. "ఇచ్చిందాంట్లో తప్పులేదు, సూరిపండూ. ఆ మూడొందలకి ఆయన పనొక్కటే కాకుండా గట్టు మీద కూర్చునే హక్కు కూడా కొనుక్కున్నారు మీరు, అదే ఎక్కువైంది."